ఫ్యాక్టరీ గేటు కుక్క పొలానికి వస్తే: మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు



పై వీడియోలో నేను పొద్దున్నే కోళ్ల షెడ్డు తలుపు తీస్తుంటే పక్కన ఒక ఎర్ర కుక్క కూర్చుని ఉంది, చూశారా? కోళ్లు దాని ముందు నుంచే పోతున్నా కదలదు. పోయిన వీడియోలో కూడా అది కనబడింది. అప్పటి నుంచి చాలామంది ఒకటే అడుగుతున్నారు. "అన్నా, ఏ జాతి? ఎంతకు కొన్నరు? ట్రైనింగ్ ఎక్కడ ఇప్పిచ్చిన్రు?"

జాతి లేదు. కొనలేదు. ట్రైనింగ్ ఎక్కడా ఇప్పించలేదు. దాని పేరు రాగి. పాశమైలారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక కంపెనీ గేటు ముందు పెరిగిన వీధి కుక్క. ఇప్పుడు కంది మండలంలో మా నాలుగు ఎకరాల్లో ఉంటుంది.

మనలో చాలామందికి పొలం కాడ ఒక కుక్క ఉంటే బాగుండు అని ఉంటుంది. తెచ్చుకుంటాం, పొలంలో వదిలేస్తాం, "అదే బతుకుతది" అనుకుంటాం. నేనూ అట్లనే చేశాను. దానివల్ల ఒక కుక్క చచ్చిపోయింది. అందుకే ఈ పాఠం ముందు నా తప్పుతోనే మొదలుపెడతాను.

వదిలేస్తే స్వేచ్ఛ అనుకున్నా

2022లో రుద్రారం దగ్గర హైవే పక్కన ఒక దాబా కాడ తెల్లటి కుక్క కనబడింది. కాలికి దెబ్బ తగిలి కుంటుతోంది. కూరగాయలు దింపి తిరిగి వస్తూ ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని తెచ్చాను. జొన్న అని పేరు పెట్టాం. కాలికి మందు వేయించాను, కడుపు నిండా అన్నం పెట్టాను, ఆ సాయంత్రమే విప్పేశాను. నాలుగు ఎకరాలు, చెట్లు, నీళ్లు, ఇంకేం కావాలి అనుకున్నా.

మూడో రోజు పొద్దున జొన్న లేదు. మధ్యాహ్నం దాబా అతను ఫోన్ చేశాడు. అది హైవే పట్టుకుని ఏడెనిమిది కిలోమీటర్లు వెనక్కి నడిచింది. దాబా ఇంకా కొంచెం దూరం ఉందనగా లారీ కింద పడింది.

మనకు అది పచ్చని పొలం. దానికి మాత్రం వాసన తెలియని, మనిషి తెలియని, చీకటి పడితే ఎటు పోవాలో తెలియని చోటు. తెలిసిన చోటికి పోవాలని చూసింది. నేను దానికి కొత్త బతుకు ఇచ్చానని అనుకున్నా గానీ చోటు మాత్రమే మార్చాను. అలవాటు పడే టైము ఇవ్వలేదు. అగ్రికల్చర్ డిప్లొమా రెండేళ్లలో నారు పీకి నాటేటప్పుడు వేరుకు షాక్ తగలకుండా చూడమని చెప్పారు. కుక్కకు కూడా వేరు ఉంటదని నాకు అప్పుడు తట్టలేదు.

ఆ తర్వాత రెండేళ్లకు పైగా కుక్క జోలికి పోలేదు.

ఎద్దుమైలారం వార్త

2025 జనవరి మొదట్లో మాకు దగ్గర్లోనే ఎద్దుమైలారం కాడ జరిగింది మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 32 కుక్కల మూతులు, కాళ్లు కట్టేసి సుమారు 40 అడుగుల ఎత్తున్న వంతెన మీద నుంచి కిందికి విసిరేశారు. 21 చచ్చిపోయాయి. 11 గాయాలతో మిగిలాయి. జంతు సంరక్షణ కార్యకర్తలు వాటిని బయటికి తీసి హైదరాబాద్‌లో ఆశ్రయానికి తరలించారు. పోలీసులు కేసు పెట్టారు.

ఆ నెలలోనే పాశమైలారంలో నేను కూరగాయలు ఇచ్చే క్యాంటీన్ పక్కన, గేటు కాడ ఉండే వాచ్‌మన్ తాత నన్ను ఆపాడు. "సారూ, కంపెనీ ఇక్కడికెళ్లి ఎత్తేస్తున్నరు. నన్ను ఇంకో సైటుకు ఏస్తరట. దీన్ని ఎవలు సూస్తరు?" అని ఎర్ర కుక్కను చూపించాడు. మన బెల్టులో ఇట్లాంటి కుక్కలు ఎన్నో ఉన్నాయి. షిఫ్టు దిగినవాళ్లు వేసే చపాతి ముక్కల మీద, సెక్యూరిటీ వాళ్ల టిఫిన్ మీద బతుకుతాయి. షెడ్డు మూతపడితే మనుషులకు ఇంకో పని దొరుకుతుంది. వీటికి తిండి, చోటు రెండూ ఒక్క రోజే పోతాయి.

ఈసారి వెంటనే తేలేదు. రెండు వారాలు ఆగాను. ఆ రెండు వారాల్లో చేసిన పనులే ఈ పాఠంలో మొదటి భాగం.

తెచ్చే ముందు

ఒకటి, తిండి పెట్టే మనిషి నుంచి పరిచయం. నాలుగుసార్లు పోయాను. తాత చేతి పక్కన నా చేత్తో గుడ్డు పెట్టాను. ఐదోసారి నా వాసనకు తోక ఊపింది.

రెండు, పశువైద్యుడు. రేబిస్ టీకా, నట్టల మందు, రక్త పరీక్ష. గోమార్ల వల్ల వచ్చే జ్వరం (ఎర్లీకియా) వీధి కుక్కల్లో బాగా ఉంటుంది. తిండి మానడం, జ్వరం, ముక్కు నుంచి రక్తం దాని గుర్తులు. టైముకు చూపిస్తే మందుతో తగ్గుతుంది. రాగికి అదే బయటపడింది, మందు పూర్తయ్యేదాకా వాడాం. ఇక్కడ ఒక మాట: పశువులకు కొట్టే గోమార్ల మందును, పశువులకు వేసే ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్‌ను మన అంచనాతో కుక్కకు వాడొద్దు. డోసు తప్పితే ప్రాణం మీదికి వస్తుంది. వేపనూనె రాసి ఊరుకున్నా గోమార్లు పోవు.

మూడు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్. ఆడకుక్క సాధారణంగా ఏడాదికి రెండుసార్లు ఎదకు వస్తుంది, రెండు నెలల్లో ఈనుతుంది. ఒక కుక్కను కాపాడి ఆరు పిల్లలను రోడ్డు మీదికి పంపితే మనం చేసింది ఏముంది? చెవి చివర చిన్న కత్తిరింపు ఉంటే ఆ కుక్కకు ఇప్పటికే ఆపరేషన్ అయిందని గుర్తు. రాగికి లేదు. జ్వరం పూర్తిగా తగ్గి, ఒంట్లో బలం వచ్చాక చేయించాం.

మొదటి మూడు రోజులు: కట్టేయండి, కదిలించకండి

కుక్కలను దత్తత ఇచ్చేవాళ్లు ఒక లెక్క చెబుతారు: మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు. మూడు రోజులు భయం, మూడు వారాలు అలవాటు, మూడు నెలలకు "ఇది నా ఇల్లు" అనే నమ్మకం. ప్రతి కుక్కకు తేదీలు ఇట్లే కుదరవు గానీ, లెక్క మాత్రం పనికొస్తుంది.

రాగిని పంపు షెడ్డులో, చీకటిగా, గాలి ఆడే మూలలో పెట్టాం. తాత కప్పుకునే పాత తువ్వాలు అడిగి తెచ్చి దాని కింద పరిచాం. మెడకు బిగించే తాడు కాదు, ఛాతీకి వేసే పట్టీ వేశాం. భయపడి వెనక్కి గుంజుకుంటే మెడ పట్టీ తలలోంచి జారిపోతుంది. నీళ్లు, జొన్న గటక, మజ్జిగ, ఒక గుడ్డు పెట్టేసి వెనక్కి వచ్చేవాళ్లం. చుట్టాలను చూడటానికి రానీయలేదు, ఫొటోలు తీయలేదు. రెండు రోజులు ఏం తినలేదు. మూడో రాత్రి గిన్నె ఖాళీ అయింది.

ఐదో రోజు అమ్మను కరిచింది

ఇది చెప్పకుండా దాటేయొచ్చు. కానీ చెప్పకపోతే ఈ పాఠం అబద్ధం అవుతుంది.

ఐదో రోజు అది తింటుంటే, గిన్నె దూరంగా జరిగిందని అమ్మ చెయ్యి పెట్టి దగ్గరికి నెట్టబోయింది. ఒక్కసారిగా చెయ్యి పట్టుకుంది. రెండు పళ్లు దిగి రక్తం వచ్చింది. పక్క చేను పెద్దమ్మ ఉరికొచ్చి "సున్నం పెట్టు, పసుపు అద్దు, ఏం గాదు" అంది. ఇంకొకాయన జిల్లేడు పాలు అన్నాడు. బాపు ఒకటే మాట అన్నాడు: "రేపు పొద్దుగాల గా కుక్క ఈడ ఉండొద్దు."

మిత్రులారా, ఇక్కడ జాగ్రత్తగా వినండి. మనం ప్రకృతి రైతులం, ఆవు మూత్రం, వేపాకు, పసుపు మీద నమ్మకం ఉన్నవాళ్లం. పంట మీద ఆ నమ్మకం మంచిదే. కుక్క కాటుకు మాత్రం పనికిరాదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు లేదు. లక్షణాలు రాకముందు టీకా పడితే బతుకుతాడు. లూయీ పాశ్చర్ 1885లో ఆ దారి చూపించాడు. మన ఊళ్లలో ఇప్పటికీ సున్నం దగ్గరే ఆగిపోతున్నాం.

చేయాల్సింది ఇది:

- గాయాన్ని ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. బోరు పంపు ఉంది కదా, వెంటనే అక్కడే.
- కారం, సున్నం, పసుపు, ఆకు పసరు ఏదీ పెట్టొద్దు. కట్టు బిగించొద్దు.
- అదే రోజు ఆసుపత్రికి పోవాలి. మొదటి టీకా ఆ రోజు, తర్వాత 3వ, 7వ రోజుల్లో, 28వ రోజు దాకా. ఇచ్చే పద్ధతిని బట్టి మొత్తం నాలుగో ఐదో డోసులు. మధ్యలో ఆపొద్దు.
- చర్మం చీలి రక్తం వస్తే గాయం చుట్టూ ఇచ్చే రేబిస్ సీరం గురించి డాక్టరును తప్పకుండా అడగాలి.
- కరిచిన కుక్కను కొట్టి చంపొద్దు, తరిమేయొద్దు. కట్టేసి 10 రోజులు చూడాలి. ఆ పది రోజులు మామూలుగా తిని తిరిగితే, కరిచిన రోజు దాని చొంగలో రేబిస్ లేదని అర్థం. తరిమేస్తే ఆ సమాచారం పోతుంది.

"మొన్ననే కుక్కకు టీకా వేయించాం కదా" అని నేను కూడా ఒక్క క్షణం అనుకున్నా. టీకాకు ముందే దానికి జబ్బు అంటుకుని ఉండొచ్చు. వారాలు, నెలలు బయటపడకుండా కూడా ఉండొచ్చు. అమ్మను బైక్ మీద కూర్చోబెట్టుకుని సంగారెడ్డి పోయాను. పది రోజులు రాగి గిన్నె ఖాళీ చేసిందా లేదా అని రోజూ బాపే చూసేవాడు, కోపంగానే. పదకొండో రోజు పొద్దున "తిన్నదిరా" అన్నాడు. అంతే. పంపేయమని మళ్లీ అనలేదు.

తప్పు కుక్కది కాదు. గేటు కాడ ఒక్క రొట్టె ముక్క కోసం కొట్లాడి పెరిగిన కుక్క గిన్నెలో చెయ్యి పెట్టకూడదని అమ్మకు నేనే చెప్పలేదు. ఇప్పుడు అమ్మ గిన్నె పెట్టి పేరు పిలిచి పక్కకు వస్తుంది. ఎక్కువగా వీధి కుక్కలను పట్టేవాళ్లు, కరవకముందే వేసుకునే రేబిస్ టీకా గురించి కూడా డాక్టరును అడగండి.

మూడు వారాలు: కోళ్లతో పరిచయం

మన గొల్ల కురుమలు కుక్కపిల్లను చిన్నప్పుడే మందలో వదులుతారు. గొర్రెల మధ్యే పెరిగి వాటిని తనవాళ్లు అనుకుంటుంది. ఆఫ్రికాలో నమీబియాలో చీతాల నుంచి మేకలను కాపాడటానికి అనటోలియన్ జాతి కుక్కలను 1994 నుంచి ఇట్లనే పిల్లలప్పుడే మందల్లో పెంచుతున్నారు. కానీ మనం తెచ్చేది ఎదిగిన కుక్క. దానికి కోడి అంటే తిండి.

అందుకని పొద్దున, సాయంత్రం పది నిమిషాలు తాడు చేతిలో పట్టుకుని షెడ్డు జాలీ బయట కూర్చునేవాణ్ణి. కోడిని చూసి మళ్లీ నా దిక్కు చూస్తే ఒక చిన్న గుడ్డు ముక్క. ఉరికితే తిట్టు లేదు, దెబ్బ లేదు, నాలుగడుగులు వెనక్కి తీసుకుపోవడమే. కడుపు నిండాకే కోళ్ల దగ్గరికి తీసుకుపోవాలి. మూడో వారం చివరికి జాలీ లోపల, తాడుతో. ఒంటరిగా వదిలింది రెండు నెలల తర్వాతే.

సేంద్రియ పొలంలో కుక్కకు ఉన్న ప్రమాదాలు

మన దగ్గర రసాయనాలు లేవు కాబట్టి కుక్కకు ప్రమాదం లేదనుకుంటాం. అది తప్పు.

ఆముదం చెక్క: పాలేకర్ గారి పద్ధతిలో బయటి నుంచి ఎరువులు కొనరు. సేంద్రియ రైతుల్లో ఆముదం చెక్క వాడేవాళ్లు మాత్రం చాలామంది ఉన్నారు. ఆముదం గింజలో ఉండే రిసిన్ అనే విషం నూనెలోకి పోదు, చెక్కలో మిగులుతుంది. కుక్కలు ఆ వాసనకు వచ్చి తింటాయి. గంటల్లోనో ఒకటి రెండు రోజుల్లోనో వాంతులు, రక్త విరేచనాలు మొదలవుతాయి. విరుగుడు మందు లేదు, సెలైన్‌తో నిలబెట్టాల్సిందే. నేను చెక్క మానేశాను. మీరు వాడితే తాళం వేసిన గదిలో పెట్టండి, వేసిన వెంటనే మట్టి కప్పండి, ఆ మడి దగ్గరికి కుక్కను కొన్నాళ్లు రానీయకండి.

అగ్నిఅస్త్రం: పొగాకు, పచ్చిమిర్చి, వెల్లుల్లి ఉంటాయి. డ్రమ్ము మీద గోనె సంచి చాలదు, మూత బిగించండి.

పక్క చేను: ఎలుకల మందు, అడవి పందుల కోసం పెట్టే విషపు ఉండలు, కరెంటు తీగ. పక్క రైతులతో ముందే మాట్లాడుకోండి.

కుక్క మలం: దీన్ని ఘనజీవామృతంలో గానీ, వర్మీ కంపోస్టులో గానీ, కూరగాయల మడిలో గానీ కలపొద్దు. నట్టల గుడ్లు మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతాయి. మేం కూరగాయలకు, బోరుకు దూరంగా గుంత తీసి రోజూ అందులో వేసి మట్టి కప్పుతాం.

ఆవులు ఉన్నవాళ్లు ఇంకోటి గుర్తుపెట్టుకోండి. ఆవు ఈనినప్పుడు పడే మావిని, ఈసుకుపోయిన దూడను కుక్క తినకుండా లోతుగా పూడ్చాలి. నియోస్పోరా అనే సూక్ష్మజీవి అట్లా కుక్కలోకి పోయి, కుక్క మలం ద్వారా గడ్డిలోకి వచ్చి, మళ్లీ ఆవులకు గర్భం పోయేలా చేస్తుంది. గొర్రెను కోసినప్పుడు పచ్చి కాలేజా, ఊపిరితిత్తులు కూడా కుక్కకు వేయొద్దు. వాటిలోని నీటి తిత్తుల వల్ల కుక్కలో బద్దెపురుగు తయారై, దాని గుడ్లు మనిషిలోకి పోతే కాలేయంలో తిత్తులు కడతాయి. మూడు నెలలకు ఒకసారి నట్టల మందు, డాక్టరును అడిగి బద్దెపురుగులకు కూడా పనిచేసేది వేయించండి.

మూడు నెలల తర్వాత: అది ఏం చేస్తుంది, ఏం చేయదు

రాగి ఇప్పుడు రాత్రి షెడ్డు పక్కన పడుకుంటుంది. ముంగిస, అడవి పిల్లి వస్తే మొరుగుతుంది. అది రాకముందు నెలకు మూడు నాలుగు కోళ్లు పోయేవి. పోయిన వానాకాలం మొత్తం మీద రెండే పోయాయి. అడవి పందులు వస్తే ముందు దానికే తెలుస్తుంది. మొరుగుడు మారుతుంది, మేం టార్చ్ పట్టుకుని లేస్తాం. పంది మీదికి మాత్రం దాన్ని ఎప్పుడూ ఉసిగొల్పం. పంది కోర తగిలితే కుక్క కడుపు చీలిపోతుంది. కోతులను అది ఆపలేదు. ఇటు నుంచి తరిమితే పక్క చేనులో దిగుతాయి. ఇది కూడా నిజమే, చెప్పాలి.

ఖర్చు అడుగుతారు. మొదటి రెండు నెలలు వైద్యం, ఆపరేషన్ అన్నీ కలిపి నాకు 6,000 దాటింది. ఇప్పుడు తిండి, మందులకు నెలకు 1,500 దాకా అవుతుంది. పొలంలో పండిన జొన్న, మా కోళ్ల గుడ్డు కాబట్టి ఇంతలో సరిపోతోంది. ఉత్త కావలి కోసమే అయితే సోలార్ లైటు చవక. కుక్కను బాధ్యత అనుకునేవాళ్లే తెచ్చుకోండి.

చట్టం ఏమంటుంది

కుక్కలను చంపడం, హింసించడం నేరం. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ఉంది, భారతీయ న్యాయ సంహిత 325 సెక్షన్ కింద ఐదేళ్ల దాకా శిక్ష పడొచ్చు. 2023 ఏబీసీ నియమాల ప్రకారం వీధి కుక్కలకు ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి పట్టిన చోటే వదలాలి. బడులు, ఆసుపత్రులు, బస్టాండ్ల లాంటి చోట్ల గురించి 2025 నవంబర్‌లో సుప్రీంకోర్టు వేరే ఆదేశాలు ఇచ్చింది. అదే కోర్టు 2025 ఆగస్టు 22 నాటి ఉత్తర్వులో దత్తత గురించి ఒక మాట చెప్పింది: తీసుకున్న కుక్క మళ్లీ వీధిలోకి రాకుండా చూసే బాధ్యత తీసుకున్నవాళ్లదే. జొన్న విషయంలో నేను చేయనిది సరిగ్గా అదే.

ఊరి వీధిలో నలుగురు అన్నం పెడుతుంటే బాగానే బతుకుతున్న కుక్కను "పొలానికి కావలి" అని ఎత్తుకురావద్దు. దిక్కు లేనిదాన్ని, ఆశ్రయాల్లో ఎదురుచూస్తున్నదాన్ని తెచ్చుకోండి. హైదరాబాద్‌లో 1992 నుంచి పనిచేస్తున్న బ్లూ క్రాస్ లాంటి సంస్థలను అడగండి.

దసరా తర్వాత ఒక ఆదివారం వాచ్‌మన్ తాత బస్సు దిగి మా పొలానికి వచ్చాడు. రాగి గుర్తుపట్టి ఆయన చుట్టూ తిరిగింది, కాళ్ల మీద పడింది. ఆయన పోతుంటే గేటు దాకా పోయి కూర్చుంది. ఈసారి గేటు తీసే ఉంది, తాడు కూడా లేదు. నాకు గుండె కొట్టుకుంటూనే ఉంది. బస్సు కదిలాక కొంచెం సేపు రోడ్డు దిక్కు చూసి, లేచి లోపలికి వచ్చింది. కోళ్లు మూసే టైము అయింది మరి.

వచ్చే వీడియోలో తీగ మీద జారే గొలుసు ఎట్లా కట్టుకోవాలో, ఛాతీ పట్టీ ఎట్లా వేయాలో చూపిస్తాను. ఈలోపు మీ కుక్కకు రేబిస్ టీకా వేయించి ఏడాది దాటిందేమో పుస్తకం తీసి చూడండి. దాటితే రేపే పశువుల ఆసుపత్రికి తీసుకుపోండి.

ఉంటాను. జై కిసాన్.